తేనెరంగు తేజాబు

మా నాన్న దొంగా కాదా అన్న అనుమానాన్ని నేను ఇరవై మూడేళ్లు మోశాను. బయట ఎవడైనా ఆ మాట అంటే చొక్కా పట్టుకునేవాణ్ని. ఇంట్లో నమాజు చాప మడుస్తున్నప్పుడు మాత్రం ఆ ప్రశ్న వచ్చి నా పక్కన కూర్చునేది. కొడుకు తండ్రిని అనుమానించడం పాపమే. కానీ తూచకుండా నమ్మడం మా ఇంటి పద్ధతి కాదు.

మాది ఇరాక్ లోని కూఫా. తాతల నాటి నుంచి తేజాబు, అంటే లోహాలను కరిగించే ఘాటు నీళ్లు, దించడం మా వృత్తి. సురేకారం, పటిక, అన్నభేది కలిపి గాజు బట్టీలో కాల్చి, ఆవిరిని చల్లార్చి పడతాం. కలగలుపు నగలను ఆ నీళ్లలో మరగబెడితే వెండి కరిగిపోతుంది, బంగారం అడుగున మిగులుతుంది. దాదాపు పన్నెండు వందల ఏళ్ల కిందట జాబిర్ అనే రసవాది ఇదే ఊళ్లో కొలిమి పెట్టుకుని ఈ విద్యంతా రాసిపెట్టాడని చెప్పుకుంటారు. ఆయన ఇల్లెక్కడంటే ఒక్కొక్కరు ఒక్కో మట్టిదిబ్బ చూపిస్తారు. మా ఇంట్లో ఆయన మాటలని రెండు ఉండేవి. "ముందు చిటికెడు, తర్వాత గుప్పెడు." "తూచనివాడు చూడనట్టే." ఆయనే అన్నాడో, మా ముత్తాత అన్నవాటికి ఆయన పేరు తగిలించారో తెలియదు. నాన్న మాత్రం బిస్మిల్లా అన్నాక ఆ రెండు మాటలూ అనుకునే కుంపటి రాజేసేవాడు.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు కంసాలుల సందుకు పెద్ద హాజీ ముత్లక్. వాళ్లింటి పని బంగారు పూత. వెండి మీద, రాగి మీద బంగారాన్ని పల్చగా ఎక్కించే విద్య ఆ చుట్టుపక్కల వాళ్లకే తెలుసు, వాళ్లు ఎవరికీ చెప్పరు. ఆయన ఎవరో షేక్ గారింటి పాత కడియాలు తెచ్చి, బంగారం విడదీయమని నాన్నకిచ్చాడు. గీటురాయి లెక్క ప్రకారం ముప్పై మిస్కాళ్ల తూకం బంగారం రావాలి. మొదటి మరుగు మా నీళ్లతోనే అయింది. రెండో మరుగుకు మా తేజాబు చాలలేదు. హాజీ తన దుకాణంలోంచి ఒక జాడీ తీసి, బిస్మిల్లా అని తన చేత్తోనే నాన్న చేతిలో పెట్టాడు.

పరాయి తేజాబు ఎవరు తెచ్చినా అందులో ఒక చుక్క వెండినీళ్లు, అంటే వెండి కరిగిన తేజాబు, వేసి చూస్తాం. పాలలా విరిగితే అందులో ఉప్పు చేరిందని అర్థం, ఇక దాన్ని వాడకూడదు. కానీ పెద్దవాడు తన చేత్తో ఇచ్చిన నీళ్లను అతని కళ్ల ముందే పరీక్షించడం మా సందులో తప్పు. విందుకు పిలిచినవాడి రొట్టెను వాసన చూసి తిన్నట్టు ఉంటుంది. నాన్న ఆ చుక్క వెయ్యలేదు. జీవితంలో ఆయన తూచకుండా వదిలిన పని అదొక్కటే.

ముప్పైకి ఇరవై నాలుగు వచ్చాయి. నీళ్లు తేనెరంగుకు తిరిగాయి.

మర్నాడు సందు మొదట్లోని చాయ్ ఖానాలో పంచాయితీ కూర్చుంది. హాజీ ముత్లక్ అందరికీ వినబడేలా చెప్పాడు. "పని ఇచ్చింది నేను. నీళ్లు చాలకపోతే నా ఇంటి నీళ్లు పోసింది నేను. అయినా ఆరు మిస్కాళ్లు మింగాడు." నాన్న నేల చూసి, నీళ్ల రంగు బాగాలేదని మాత్రం అన్నాడు. తేజాబు బంగారాన్ని ముట్టదని పుట్టినప్పటినుంచీ విన్నవాడు అంతకన్నా ఏం చెప్పగలడు? సందంతా నవ్వింది.

"విన్నారా, నీళ్లు తిన్నాయట" అన్నాడు హాజీ. "వెనకటికి ఇనప తక్కెడని ఎలుకలు తిన్నట్టు."

నమ్మకం పోగొట్టుకున్న పనివాడి మూసను, బంగారం కరిగించే ఆ మట్టి గిన్నెను, సందు మొదట్లో పెట్టి పెద్దవాడు మడమతో తొక్కి పగలగొడతాడు. ఆ తరువాత ఆ ఇంటి చేతికి ఎవరూ బంగారం ఇవ్వరు. నాన్న మూస హాజీ మడమ కింద పగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఎండిన రొట్టె విరిగినట్టు, చిన్న చప్పుడు. ఆరు మిస్కాళ్ల కింద మా అమ్మ గాజులు పోయాయి. మా గాజు సామానంతా సందువాళ్లు పట్టుకుపోతుంటే, నాన్న ఆ తేనెరంగు నీళ్లను పోసుకోవడానికి పక్కింటి నయీమా పిన్ని దగ్గర పచ్చళ్లలో పోసే సిర్కా బుడ్డి అడిగి తెచ్చుకున్నాడు. గాజు మూత ఉన్న మంచి బుడ్డి. రేపు ఇచ్చేస్తానన్నాడు.

ఆ తరువాత నాలుగేళ్లు ఫరాత్ నది ఒడ్డున పడవల నుంచి ఖర్జూరపు మూటలు దించాడు. ఐదో ఏడు నడుము లేవలేదు. పోయే ముందు మా అమ్మతో ఒక్కటే చెప్పాడు. "అది పారబోయొద్దే. అందులో ఏముందో నాకు తెలీదు. తెలిసినవాడు వచ్చేదాకా ఉంచు."

అమ్మ దాన్ని నల్లగుడ్డలో చుట్టి పిండి జాడీ వెనక పెట్టింది. ప్రతి పండక్కీ నయీమా పిన్ని గుమ్మంలోంచే తన బుడ్డి సంగతి అడిగేది. ఇంకా నిండుగానే ఉందని అమ్మ జవాబు. ఇద్దరూ పండగ మిఠాయి మార్చుకునేవారు.

నేను ఊరి చివర బట్టీ పెట్టుకుని తేజాబు దించి మధ్యవాడికి అమ్మేవాణ్ని. బంగారం నా చేతికి రాదు గానీ నా నీళ్లు ప్రతి నెలా ఆ సందులోకి, హాజీ దుకాణంలోకి కూడా వెళ్లేవి. జాడీకి మూత పెట్టేముందు ప్రతిసారీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఏదో ఒకటి కలిపితే చాలు, వాడి పని పాడవుతుంది. కలపలేదు. ఆ జాడీ చివరికి ఏ కూలివాడి చేతిలో తేలుతుందో, వాడి మూస ఎవడు తొక్కుతాడో అన్న భయమే నన్ను ఆపింది. మంచితనం అనుకోకండి. తెల్లవారుజామున సజ్దాలో తల ఆన్చి నేను అడిగిందల్లా ఒక్కటే, ముత్లక్ మూస నా మడమ కింద పగలాలని.

ఒకసారి మా మసీదు ముల్లాను అడిగాను. ప్రతీకారం చెల్లుతుందన్నాడు దేవుడు, క్షమించడం ఇంకా మేలన్నాడు. మేలు చెయ్యలేనివాడు చెల్లేదాన్ని ఎంచుకుంటే తప్పా? ఆయన గడ్డం నిమురుకున్నాడు. "తినొచ్చు అన్నంత మాత్రాన ఆకలి ఉండాలని లేదు నాయనా." నాకు ఆకలి ఉంది. ఆ మాట ఆయనతో అనలేదు.

కిందటేడు చలికాలంలో బెహ్నాం మాస్టారు మా బట్టీకి వచ్చాడు. మోసుల్ మనిషి, ఊళ్లో పెద్ద బడిలో రసాయనశాస్త్రం చెబుతాడు. బాగ్దాద్ నుంచి రావలసిన పెట్టె రాలేదట, పిల్లలకు చూపించడానికి కాస్త తేజాబు కావాలన్నాడు. లోపలికి వచ్చి నా బట్టీని, వంగిన గాజు ముక్కును, చల్లార్చే తొట్టిని చూసి చంటిపిల్లాడిలా నవ్వాడు. కాలేజీలో తను నేర్చుకున్నది ఇదేనని, గాజు శుభ్రంలోనూ కింద మంటలోనూ తప్ప తేడా లేదని చెప్పాడు. ఆవిరి దించడం, గడ్డకట్టించడం, పనికి ముందూ వెనకా తూచి రాసిపెట్టడం, ఈ అలవాట్లు జాబిర్ పేరు మీద వచ్చిన రాతల్లోంచే లాటిన్ లోకి వెళ్లాయని, ఇప్పుడు లండన్ లోనూ బెర్లిన్ లోనూ కుర్రాళ్లు మొదటిరోజు నేర్చుకునేది ఆ పనులేనని అన్నాడు. ఆ రాతలన్నీ ఆయనవేనా అని పండితులు ఇంకా పోట్లాడుకుంటున్నారట. మా ముత్తాత సంగతి గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

అతను జేబులోంచి చిన్న సీసా తీసి నా తేజాబులో ఒక చుక్క వేశాడు. వెండినీళ్లు. తేజాబు తేటగానే ఉంది.

మీ బళ్లోనూ ఇలాగే చూస్తారా అని అడిగాను.

"చూడకపోతే ఎలా?" అన్నాడు, చాయ్ గ్లాసు అందుకుంటూ. "ఇందులో నవాసాగరం ఉప్పు గానీ కలిసిందంటే బంగారాన్ని కూడా వదలదు కదా."

బెండకాయల ధర చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. నేను మళ్లీ అడిగాను. అతను మళ్లీ చెప్పాడు. ఉత్త తేజాబు బంగారాన్ని ముట్టదు; నవాసాగరం కలిస్తే కరిగించుకుంటుంది; నీళ్లు తేనెరంగుకు తిరుగుతాయి. బంగారు పూత వేసేవాళ్ల విద్యంతా ఆ నీళ్లేనట. తన పదకొండో తరగతి పిల్లలకు కూడా తెలుసన్నాడు.

చాయ్ చల్లారిపోయింది. నేను మాస్టార్ని వెంటబెట్టుకుని ఇంటికి పరిగెత్తాను.

అమ్మ బుడ్డి ఇవ్వడానికి కాసేపు ఆలోచించింది. చూపు దాదాపు పోయింది, చేతులతో తడిమి, తెలిసినవాడేనా అని అడిగి ఇచ్చింది. గుడ్డ విప్పితే బుడ్డి మెడ లోపల సన్నటి పసుపు పొర మెరిసింది. మాస్టారు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఒక చెంచా అడిగాడు. ముందు చిటికెడే తీశాం. ఒక చెంచాడు నీళ్లను ఘాటు పోయేదాకా వేడిచేసి, అందులో అన్నభేది నీళ్లు పోశాడు. నీళ్లు నల్లబడ్డాయి. గోధుమరంగు బురద అడుగుకు దిగింది. కడిగి ఆరబెట్టి, చెంచా వీపుతో రుద్దితే ఆ బురద పసుప్పచ్చగా మెరిసింది.

"ఏముందిరా?" అంది అమ్మ.

"బంగారం అమ్మా."

ఆవిడ తల ఊపింది. ఏ కోపమూ లేకుండా అంది. "నువ్వు అనుమానపడ్డావు కదూ, ఇన్నాళ్లూ."

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవక కోపంగా మారిపోయింది. పూత పనివాడికి ఆ రంగు తెలియకుండా ఎలా ఉంటుంది? పంచాయితీలో ఆ నీళ్లను హాజీ చూశాడు. చూసి, ఎలుకల మాట చెప్పాడు. జాబిర్ ఒక్కడే ఈ రెండు నీళ్ల సంగతీ రాసిపెట్టాడంటారు. దాన్ని మా ఇల్లూ వాళ్లిల్లూ చెరి సగం పంచుకుని, ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నాం. ఆ తలుపు వెనక మా నాన్న చచ్చిపోయాడు.

ఇంకో రెండు చెంచాలతో రెండుసార్లు చేసి చూసుకున్నాను. మాస్టారు దగ్గర బడి పుస్తకం అడిగి తీసుకున్నాను. ఎందుకని అతను అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నపు నమాజుకు ముందు కంసాలులంతా చాయ్ ఖానాలో కూర్చుంటారు. బుడ్డి, త్రాసు, అన్నభేది, దీపం సంచీలో వేసుకుని వెళ్లాను. హాజీ ముత్లక్ తన పాత చోటులోనే ఉన్నాడు. డెబ్బై దాటాయి, గడ్డం పాలలా ఉంది, నాలుక మాత్రం ముసలిదవలేదు.

"రావయ్యా అబూ లుత్ఫీ. మధ్యవాడు చచ్చాడా ఏం, తేజాబు నువ్వే నెత్తిన పెట్టుకుని అమ్ముతున్నావు?"

నవ్వారు. నవ్వనిచ్చాను.

"అమ్మకానికి కాదు హాజీ. ఒక్క సంగతి అడిగి పోతా. మా నాన్న ఎంత తీశాడు?"

"ఆరు. సందుకంతా తెలిసిందేగా."

"రెండో మరుగుకి పోసిన నీళ్లెవరివి?"

"నావే. నా చేత్తో ఇచ్చా. మంచికి పోతే ఏమవుతుందో అప్పుడే తెలిసింది."

నేను నల్లగుడ్డ విప్పి బుడ్డిని ఆయన ముందు పెట్టాను. కిటికీలోంచి పడ్డ ఎండలో నీళ్లు తేనెలా వెలిగాయి. ఆయన కళ్లు ఆ రంగు మీద ఆగాయి. జీవితమంతా ఆ రంగుతో బతికినవాడు. జపమాల తిప్పే వేళ్లు నిలిచిపోయాయి. నేను ఇరవై మూడేళ్లు ఎదురుచూసింది ఆ వేళ్లు ఆగడం కోసమేనని అప్పుడు తెలిసింది. ఇంకా కావాలనిపించింది.

"తేజాబు బంగారాన్ని తింటుందా హాజీ?"

"తినదు" అన్నాడు సన్నగా.

"వెనకవాళ్లకి వినబళ్లేదు. ఇంకోసారి."

"తినదు."

నీళ్లను పింగాణీ గిన్నెలో పోసి, కిటికీ పక్కన దీపం మీద పెట్టి ఘాటు పోగొట్టాను. అన్నభేది పోశాను. గిన్నె నల్లబడగానే అందరూ దగ్గరకు జరిగారు, హాజీ తప్ప. బురద దిగేదాకా ఎవరూ చాయ్ తాగలేదు. వంచి, కడిగి, ఆరబెట్టాను. ఆ తరువాత హాజీ మూస కావాలన్నాను. ఆయన కొడుకు తండ్రి ముఖం చూశాడు. ఆయన చెయ్యి ఊపాడు, తెచ్చి ఇమ్మన్నట్టు. వెలిగారం వేసి ఊదాను. గోధుమరంగు పొడి ముడుచుకుని, వణికి, ఒక గుండ్రటి చుక్కగా వెలిగింది. చల్లారాక త్రాసులో వేశాను. ఐదూ ముప్పావు.

"మిగతా పావు?" అన్నాడెవడో.

చాయ్ ఖానా యజమాని గ్లాసు తుడుస్తూ అన్నాడు. "ఎలుకలు తినుంటాయిలే."

ఎవరూ నవ్వలేదు. అప్పుడు హాజీ నోరు విప్పాడు. ఆ జాడీ పొరపాటున ఇచ్చానని, పూతకు కలిపి పెట్టుకున్న జాడీ పక్కనే ఉందని, ఆ సాయంత్రం దుకాణంలో వెతుక్కున్నప్పుడే తెలిసిందని చెప్పాడు.

"ఆ సాయంత్రమే తెలిసిందా?" అన్నాను.

"తెలిసింది."

"మూస తొక్కింది మర్నాడు."

ఆయన తల వంచాడు. "చెప్పానంటే ఆ నీళ్లెలా చేస్తారో చెప్పాలి. ఏడు తరాలు దాచుకున్నది, నా నోటితో ఎట్లా బయటపెట్టను? అదొక్కటేగా మాకున్న ఆస్తి."

"మీ మనవడు ఏం చదువుతున్నాడు హాజీ?"

ఆయనకు అర్థం కాలేదు. పదకొండో తరగతి అని కొడుకు చెప్పాడు.

నేను సంచీలోంచి బడి పుస్తకం తీశాను. పేజీ ముందే మడిచి పెట్టుకున్నాను. అక్షరం అక్షరం, నిదానంగా, సందు చివరిదాకా వినబడేలా చదివాను. తేజాబు ఎంత, నవాసాగరం ఎంత, బంగారం ఎలా కరుగుతుంది, ఎలా తిరిగొస్తుంది. ఒక్కొక్క మాటకూ ఆయన మెడ కొంచెం కొంచెం కిందికి దిగింది. అయిపోయాక పుస్తకం ఆయన మోకాలి మీద పెట్టాను.

"మా నాన్న ప్రాణం తీసి మీరు దాచుకున్నది ఇదే. మీ మనవడు పరీక్షలో రాస్తే దీనికి ఐదు మార్కులు."

సందులోని పెద్దలు లేచి ఇంకా గోరువెచ్చగా ఉన్న హాజీ మూసను తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టారు. నేను తొక్కాను. అదే చప్పుడు, ఎండిన రొట్టె విరిగినట్టు.

అబద్ధం చెప్పను, తియ్యగా ఉంది. ఉపవాసం విడిచేటప్పుడు నోట్లో వేసుకున్న మొదటి ఖర్జూరంలా ఉంది. ఆ తీపి ఇంటిదాకా వస్తుందనుకున్నాను. ఏటి మలుపు దాకా వచ్చింది. అక్కడ కూలీలు పడవ నుంచి మూటలు దించుతున్నారు. ఒక తట్టలో హాజీ వంచిన మెడ, ఇంకో తట్టలో నాన్న వంగిన నడుము. అవి సమానమయ్యాయా లేదా చూడటానికి నా దగ్గర త్రాసు లేదు. దేవుడి దగ్గర ఉండొచ్చు. చేసినందుకు పశ్చాత్తాపపడలేదు. పడాలేమో అని మాత్రం అప్పుడప్పుడు అనుకుంటాను.

హాజీ ఆ తరువాత పెద్దరికం చోటులో కూర్చోలేదు. మసీదులో ఎదురుపడితే ఆయనే ముందు సలాం చెబుతాడు. సలాముకు జవాబివ్వడం విధి, అంతే మాటతో గానీ అంతకన్నా మంచి మాటతో గానీ. నేను సరిగ్గా అంతే ఇస్తాను. ఒక్క అక్షరం ఎక్కువ ఇవ్వను.

ఆ రోజు బంగారపు గుండును అమ్మ అరచేతిలో పెట్టాను. పోయిన గాజులకు బదులు అది ఆవిడదేనని సందు పెద్దలే చెప్పి పంపారు. ఆవిడ దాన్ని వేళ్లతో దొర్లించి చూసుకుని, కొంగున ముడి వేసుకుని, "ముందు నయీమా బుడ్డి ఇచ్చిరా" అంది.

బుడ్డిని ఏడుసార్లు ఏటినీళ్లతో కడిగాను. మరిగించి దించిన నీళ్లతో ఇంకోసారి తొలిచి, ఆ తొలిచిన నీళ్లలో ఒక చుక్క వెండినీళ్లు వేశాను. తేటగానే ఉన్నాయి. అప్పుడు తీసుకెళ్లాను.

నయీమా పిన్ని గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఎనభై దాటినా చెయ్యి వణకదు. బుడ్డి అందుకుని ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పింది. వాసన చూసింది.

"రేపు ఇస్తానన్నాడ్రా మీ నాన్న."

"తెల్లారడానికి ఆలస్యమైంది పిన్నీ."

"మూతేదీ?"

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆవిడ లోపలికి వెళ్లి కుండలోంచి సిర్కా ఒంచి బుడ్డి నింపి, మూత బిగించి, గూట్లో రెండు జాడీల మధ్య ఖాళీగా ఉన్న చోట పెట్టుకుంది.